మూడు కొమ్ముల చుక్క, రెండు సుడుల గెలాక్సీ

నాకు చుక్కలు చూపించిన వాళ్లు చాలామందే ఉన్నారు. మా నాయన బెల్టుతో చూపించాడు, పదో తరగతి లెక్కల పేపరు చూపించింది, మా ఆవిడ ఇప్పటికీ రోజూ చూపిస్తూనే ఉంది. కానీ నిజంగా ఆకాశం వైపు వేలు పెట్టి చూపించిన మనిషి ఒక్కరే, కారేపల్లి హైస్కూల్లో మాకు సైన్సు చెప్పిన పురుషోత్తం సారు. ఈ ప్రయాణం ఆయన కోసం చేసింది. గెలాక్సీ ఫొటో తీయడానికి ఖమ్మం చుట్టుపక్కల చీకటి ఎక్కడ దొరుకుతుందని వెతికేవాళ్లకు దారి, ఖర్చు, టైము అన్నీ చెబుతాను. మధ్యలో నా పాపం కూడా వస్తుంది, ఓపిక పట్టండి.

ముందు ఆ పాపం సంగతి. నేను పదో తరగతిలో ఉండగా సారు సొంతంగా టెలిస్కోపు చేశారు. హైదరాబాదు నుంచి రెండు మందపాటి గాజు బిళ్లలు తెప్పించి, ఇసుక నింపిన డ్రమ్ము మీద ఒకదాన్ని పెట్టి, మధ్యలో గరుకుపొడీ నీళ్లూ పోసి, రెండోదాన్ని దాని మీద రుద్దుతూ డ్రమ్ము చుట్టూ తిరిగేవారు. రోజూ బడి వదిలాక రెండు గంటలు. అట్లా ఆరు నెలలు రుద్దితే గాజు గుంటపడి టెలిస్కోపు అద్దం అవుతుందట. మేము గోడెక్కి చూస్తూ ఆయనకు గానుగెద్దు అని పేరు పెట్టాం. పెట్టింది నేనే, ఊళ్లో పేర్లు పెట్టే కాంట్రాక్టు అప్పట్లో నాదే.

సారు కూడా తక్కువ కాదు. ఒకరోజు బోర్డు మీద ఒక గెలాక్సీ బొమ్మ గీశారు, పెద్ద సుడి ఒకటి, దాని తోకకు వేలాడుతూ చిన్న సుడి ఇంకోటి. ఎవరికీ అర్థం కాలేదు. నన్ను ముందుకు పిలిచి, తల వంచమని, నా నెత్తి క్లాసు వైపు తిప్పారు. "చూడున్రి, వీని నెత్తి మీద రెండు సుడులు ఎట్లున్నయో ఆకాశంల కూడా గట్లనే ఉన్నయి. నా టెలిస్కోపుకొక కెమెరా తగిలిచ్చి ఎప్పటికన్నా ఆ రెండు సుడుల ఫొటో తీస్త." రెండు సుడులుంటే ఇద్దరు పెళ్లాలని అప్పటికే మా వీధిలో నన్ను ఏడిపించేవాళ్లు. ఆ రోజు నుంచి ఆడపిల్లలు కూడా మొదలుపెట్టారు. దానికి నేను బదులు తీర్చుకున్నాను. టెలిస్కోపు తయారై, ఊరందరికీ శనిగ్రహం ఉంగరం చూపిస్తానని సారు చాటింపు వేయించిన రోజు మధ్యాహ్నం, మా నాయన స్క్రూడ్రైవరు పట్టుకుపోయి, గొట్టం అడుగున అద్దాన్ని పట్టి ఉంచే మూడు క్లిప్పులను బలంకొద్దీ బిగించి వచ్చాను. ఏమవుతుందో నాకూ తెలీదు. ఏదో ఒకటి అవుతుందని ఆశ, అంతే.

అయింది. ఆ రాత్రి ఊరంతా వరుస కట్టి చూస్తే చుక్క గుండ్రంగా లేదు, మూడు కొమ్ములతో సమోసాలా ఉంది. శనిగ్రహం పిసికిన పప్పుముద్దలా ఉంది. "శనిని చూపిస్తనన్నడు, సమోసా చూపిచ్చిండు" అని జనం నవ్వుకుంటూ పోయారు. గానుగెద్దు సారు కాస్తా సమోసా సారు అయ్యారు. ఏడాది తిరక్కుండానే బదిలీ పెట్టించుకుని వెళ్లిపోయారు. నేను పదోది తప్పాను, మోటారు వైండింగు నేర్చుకుని షాపు పెట్టాను, ఆ సంగతి మరిచిపోయాను.

పోయిన చలికాలం హైదరాబాదు సాఫ్ట్‌వేరు అబ్బాయి ఒకతని దగ్గర ఆరంగుళాల టెలిస్కోపు, దాన్ని చుక్కల వెంట తిప్పే మోటారు స్టాండు, పాత కెమెరాతో సహా సెకండ్ హ్యాండులో కొన్నాను. మోటారు కాబట్టి మా ఆవిడ కూడా షాపు సామాను అనుకుంది. తుడుద్దామని అద్దం ఊడదీసి మళ్లీ పెట్టి, మొదటి రాత్రి డాబా మీద చుక్క చూశాను. మూడు కొమ్ములు! ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే తేలిగ్గా చెప్పాడు. "అద్దం క్లిప్పులు గట్టిగా బిగించినట్టున్నారు అంకుల్. గాజు నొక్కుకుపోతే చుక్క మూడు మూలలుగా కనబడుతుంది. కాస్త వదులు చేయండి, అద్దం తప్పేం లేదు."

అద్దం తప్పేం లేదు. ఆ మాట విన్నాక నాకు రెండు నెలలు సరిగా నిద్ర పట్టలేదు. సారు ముప్పై ఏళ్లుగా అది తన చేతి తప్పే అనుకుంటున్నారేమో. ఆయన ములకలపల్లి దాటాక అడవి అంచు ఊళ్లో మామిడి తోట వేసుకుని ఉంటున్నారని వాకబు చేశాను. చెప్పాలి. ఆ రెండు సుడుల ఫొటో తీసి చేతిలో పెట్టాలి. అందుకే బయల్దేరాను.

గెలాక్సీ ఫొటోకు చంద్రుడు ఉండకూడదు కాబట్టి ఉగాది ముందొచ్చే కొత్త అమావాస్య ఎంచుకున్నాను. మా ఆవిడ గుమ్మానికి అడ్డం నిలబడింది. "అమావాస్య నాడు ఎవరన్న పయనం కడతరా ఏందయ్యా?"

"దొంగలు కడతరు, నేను కడత" అన్నాను.

"ఇద్దరూ ఒకటే గదా" అని పులిహోర డబ్బా చేతిలో పెట్టింది.

ఉదయం పదింటికి కారేపల్లిలో యాకూబ్ ట్రాలీ ఆటోలో సామానంతా పాత పరుపులో చుట్టి ఎక్కించాం. యాకూబ్ మా వీధివాడే, నాకంటే పదేళ్లు చిన్న, నోట్లో మాట నిలవదు. పోనూ రానూ, రాత్రి ఉండటంతో కలిపి మూడు వేలకు కిరాయి మాట్లాడుకున్నాం. సామాను తక్కువైతే రైలు ఇంకా చవక. కారేపల్లిలో ఎక్కి భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగొచ్చు. పేరు చూసి రాముడి గుడి ఎదురుగా దిగుతామనుకోకండి, ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి పాల్వంచ మీదుగా ములకలపల్లికి బస్సులు, షేర్ ఆటోలు దొరుకుతాయి. మేము ఇల్లెందు మీదుగా పోయాం. బొగ్గు లారీల వెనక పడితే ఇద్దరం గంటలో వయసు తగ్గి నల్ల జుట్టు వాళ్లమైపోతాం. నాకు జుట్టే లేదు కాబట్టి నెత్తి నల్లబడింది.

"అన్నా, ఆ గెలాక్సీ ఎంత దూరం ఉంటది?" అన్నాడు యాకూబ్, కొత్తగూడెం దాటాక.

"అక్కడ బయల్దేరిన వెలుగు ఇక్కడికి రావాలంటే రెండు మూడు కోట్ల ఏండ్లు పడతది."

కాసేపు లెక్క వేసుకున్నాడు. "అంటే నీకన్న లేటుగ వచ్చెటోళ్లు కూడ ఉన్నరన్నట్టు."

పాల్వంచలో ఒంటిగంటకు భోంచేశాం. ఇంటి ముందు రేకులేసి నడిపే చిన్న మెస్సు, ప్లేటు తొంభై. ముద్దపప్పు, పచ్చిపులుసు, కావాలంటే చేపముక్క వేరే. పచ్చిపులుసు మూడోసారి అడిగితే వడ్డించే అక్క "తాగెటందుకు వచ్చినవా, తినెటందుకు వచ్చినవా తమ్మీ" అంది. రెండింటికీ అని చెప్పి గ్లాసు పట్టాను. పాల్వంచ దాటితే పెట్రోలు బంకులు పలచబడతాయి, ఇక్కడే పోయించుకోండి. ఆ పైన రోడ్డుకు రెండు వైపులా టేకు చెట్లు ఆకు రాల్చి బోడిగా ఉన్నాయి, మధ్య మధ్య ఇప్పచెట్ల కింద ఊడ్చి శుభ్రం చేసిన గుండ్రటి నేల. పువ్వు రాలే కాలం.

నాలుగింటికి సారు ఇల్లు చేరాం. పెంకుటిల్లు, ముందు అరుగు, వెనక తోట, తోట చివర అడవి. సారు డెబ్బై దాటి ఎండిపోయిన చింతబరికెలా ఉన్నారు, కానీ గొంతు మాత్రం అదే గొంతు. నన్ను పైనుంచి కిందికి చూశారు.

"ఎవరు బాబూ?"

తల వంచి చూపించాను. అక్కడ ఏముంది, బట్టతల. నేనే అన్నాను, "రెండు సుడులు ఉండె సారూ. పీకేసిన్రు."

"సాంబయ్యా!" అని అరిచారు. అమ్మగారిని కేకేసి చాయ్ పెట్టమన్నారు. నేను అరుగు మీద కూర్చుంటూ స్తంభానికి వేలాడే అద్దంలో నా మొహం చూసుకున్నాను. ముక్కు గుండ్రటి వంకాయంత ఉంది. "ఏంది సారూ, ఈ అద్దం మనిషిని గింత చేసి చూపిస్తది?"

"గడ్డం గీసుకునేదిరా. పెద్దగ కనబడితె ఒక్క వెంట్రుక గూడ తప్పిచ్చుకోదు."

దగ్గరికి వెళ్లాక చూశాను. ఆరంగుళాల వెడల్పున్న మందపాటి గాజు. చుట్టూ అంచు చేత్తో అరగదీసిన గరుకు. పూత మచ్చలు పడి, కింది వైపు ఎండిన సబ్బు నురగ. ఆరు నెలల గానుగ అది.

నా ముఖం చూసి సారు నవ్వారు. "గుర్తుపట్టినవా? పనికిరాకుండ పోయింది గద. రుద్దుడు సరిగ రాలె నాకు. పారెయ్యబుద్ధి గాక గిట్ల తగిలిచ్చిన. మళ్ల ఎన్నడు గూడ గాజు ముట్టలె."

చెప్పడానికి అదే సమయం. నోరు తెరిచాను. బయటికి వచ్చింది మాత్రం, "చాయ్ బాగుందమ్మగారూ" అని. వచ్చిన పని ఆకాశం ఫొటో అని చెప్తే సారు ముఖంలో నవ్వు తగ్గింది. "తోట చివర పెట్టుకో. నేను మాత్రం చూడనురా. చేసిన దాంట్ల కనబడలె. కొన్న దాంట్ల చూసి ఏం చేసేది?"

మాట రాని చోట చెయ్యి పని చేస్తుంది నాకు. పొద్దు గూకే ముందు, తోట చివర టెలిస్కోపు నిలబెట్టి, అడుగుభాగం ఊడదీసి, మూడు క్లిప్పులను బలంకొద్దీ బిగించాను. యాకూబ్ పక్కనే బ్యాటరీ వైర్లు తగిలిస్తూ చూశాడు. "గిట్ల బిగిస్తె ఖరాబైతదని నువ్వే చెప్పినవ్ గదా అన్నా?"

"అవ్. అందుకే బిగిస్తున్న."

"నీకు పిచ్చి ముదిరింది" అన్నాడు.

రాత్రి అన్నాలయ్యాక సారును బతిమిలాడాను. ఒక్క చుక్క, ఒకే ఒక్క చుక్క చూసి పొమ్మన్నాను. కంబళి కప్పుకుని, కర్ర పొడుచుకుంటూ వచ్చారు. టార్చికి ఎర్ర గ్లాసు పేపరు చుట్టి ఉంచాను, కంటికి చీకటి అలవాటు చెడకుండా. మీరూ ఇది మరవకండి, తెల్ల లైటు ఒక్కసారి వెలిగితే ఇరవై నిమిషాలు పోయినట్టే. ఉత్తరాన సప్తర్షులు లేస్తున్నాయి. మా నాయనమ్మ వాటిని మంచంకోళ్లు అనేది, నాలుగు చుక్కలు మంచం, వెనక మూడూ దాన్ని ఎత్తుకుపోయే దొంగలు. ఆ మూడు చుక్కల తోకలో చివరిదాని మీదికి గొట్టం తిప్పి సారుకు దారి ఇచ్చాను.

సారు వంగారు. చాలాసేపు లేవలేదు.

"ఇదే" అన్నారు చివరికి. "ఇదేరా! మూడు కొమ్ములు. నీ దానికీ గిట్లనే ఉన్నదేందిరా? ఇది కంపెనీ మాలు గద?"

"ఒక్క పావుగంట కూసోండి సారూ."

ఎర్ర వెలుతురులో అడుగుభాగం ఊడదీశాను. సారు కళ్ల ముందే మూడు క్లిప్పులనూ ఒక్కో చుట్టు వదులు చేశాను. అడుగుభాగం మళ్లీ తగిలించి, అద్దాల వరస సరిచూసి, అదే చుక్క మీద పెట్టాను. "ఇప్పుడు చూడున్రి."

సారు చూశారు. చుక్క గుండుసూది పోటంత, గుండ్రంగా ఉంటుంది, నాకు చూడకుండానే తెలుసు. ఆయన లేచి, నా చేతిలోని స్క్రూడ్రైవరు వైపు చూశారు. సైన్సు సారు గదా, ఇంక విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

"ఆ పొద్దు ఎవరు బిగిచ్చిన్రు?"

"నేనే సారూ. నెత్తి చూపిచ్చి నవ్విచ్చిన్రని. గింత అయితదని తెల్వదు. మొన్న మొన్ననే తెలిసింది."

సారు కర్ర తీసుకుని చీకట్లో ఇంటివైపు నడిచిపోయారు. ఆ కర్రతో నా వీపు మీద నాలుగు వేసినా బాగుండేది. యాకూబ్ ఆటో తాళంచెవి తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "బండి స్టార్ట్ చెయ్యమంటవా అన్నా?"

స్టాండు మోటారు తిరుగుతోంది, గెలాక్సీ పైకి ఎక్కుతోంది. దాన్ని వదిలేసి పోతే వచ్చిన పని కూడా కాదు. సప్తర్షుల తోక చివరి చుక్క నుంచి కాస్త కిందికి జరిపి, రెండు నిమిషాల ఫొటో పెట్టి కూర్చున్నాను.

పదకొండు దాటాక ఇంటి దగ్గర లైటు వెలిగింది, ఆరింది. కర్ర చప్పుడు దగ్గరికొచ్చింది. సారు ఒక చేత్తో కర్ర, చంకలో తువ్వాలు చుట్టిన గుండ్రటి బరువు పట్టుకుని వచ్చారు. తువ్వాలు విప్పారు. అద్దం కడిగి ఉంది, సబ్బు మరక లేదు.

"అయితె అద్దం మంచిదేనా?" అన్నారు.

నేను దాన్ని తీసుకోలేకపోయాను. "మంచిదే సారూ. ఎన్నడూ మంచిదే."

సారు దాన్ని ఒళ్లో పెట్టుకుని పరుపు మీద కూర్చున్నారు. కాసేపు అంచు చుట్టూ బొటనవేలు తిప్పారు, డ్రమ్ము చుట్టూ తిరిగినట్టే. "ముప్పై ఏండ్లు దీంట్ల నా మొకం చూసుకుంట, నాకు చేతగాలె, నాకు చేతగాలె అనుకున్న. నిన్ను కొట్టాలె సాంబయ్యా. మస్తు కొట్టాలె." అద్దం మీద తువ్వాలు కప్పారు. "ఏదీ, ఆ ఫొటో వచ్చిందా?"

కెమెరా వెనక బొమ్మ తెరిచాను. ఒక్క రెండు నిమిషాల ఫొటోకే, బూడిద రంగులో, పెద్ద సుడి ఒకటి, దాని తోక పట్టుకుని చిన్న సుడి ఇంకొకటి. బోర్డు మీద సుద్దముక్కతో గీసినట్టే ఉంది. సారు చెయ్యి వచ్చి నా నెత్తి మీద పడింది. దెబ్బ అనుకుని మెడ ముడుచుకున్నాను. దెబ్బ కాదు. వేళ్లతో తడిమి వెతుకుతున్నారు.

"ఒక్కటన్న ఉంచుకోకపోతివిరా" అన్నారు.

మూడున్నర దాకా ముగ్గురం అక్కడే కూర్చుని వంద చిల్లర ఫొటోలు తీశాం. సారు ప్రతి ఫొటోకూ గడియారం చూసి లెక్క పెట్టారు, యాకూబ్ పులిహోర లెక్క చూసుకున్నాడు. అర్ధరాత్రి ఒంటిగంట ప్రాంతంలో గెలాక్సీ బాగా పైకి వస్తుంది, అప్పటి ఫొటోలే అన్నిటికన్నా శుభ్రం. వాయవ్యాన పాల్వంచ వెలుగు కొంచెం ఉంటుంది, చెట్ల చాటున పెట్టుకుంటే సరిపోతుంది. నాలుగింటికి ఇప్పపువ్వు ఏరడానికి పక్క గూడెం పెద్దమ్మ సమ్మక్క బుట్ట, టార్చి పట్టుకుని వచ్చింది. గొట్టాన్ని చూసి అక్కడే ఆగిపోయింది. "ఏ పందికి పెట్టిన్రయ్యా గీ తుపాకి?"

"పంది కాదు పెద్దమ్మా, సుడి" అని ఫొటో చూపించాను.

టార్చి ఆర్పి వంగి చూసింది. "రెండు సుడులున్నయి. సంతల గిట్లాంటి ఎద్దును ఎవడు కొనడు" అని తేల్చి పువ్వు ఏరుకోను పోయింది. సారు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు నేను గోడెక్కి విన్నదే.

తెల్లారి ఎనిమిదింటికి బయల్దేరాం. అరుగు మీద సారు స్టీలు పళ్లెం అమ్మగారి చేత పట్టించి గడ్డం గీసుకుంటున్నారు. గడ్డం కింద రెండు చోట్ల కోసుకుంది. స్తంభం మీద అద్దం ఉన్నచోట గుండ్రటి తెల్లటి మచ్చ మిగిలింది. "నీ వల్లనేరా ఈ రక్తం" అని పళ్లెంలోంచే నన్ను తిట్టారు. తర్వాత మెల్లగా అడిగారు, "హైదరాబాదుల దీనికి మళ్ల పూత పెట్టెటోళ్లు ఎవరన్న ఉన్నరా? కనుక్కోని చెప్పు. గొట్టం నేను చేసుకుంట."

నేను చిన్నప్పుడు చేసిన అల్లరి పనులన్నీ నవ్వుతూ చెప్పుకుంటాను, మా షాపుకు వచ్చేవాళ్లందరికీ. ఇది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు, ఎందుకంటే దీన్ని ఎప్పుడో మరిచిపోయాను. ఏడిపించినవాడు మరిచిపోతాడు, ఏడ్చినవాడు దాన్నే స్తంభానికి తగిలించుకుని రోజూ పొద్దున్నే చూసుకుంటాడు. దారి పొడవునా ఆ గోడ, ఆ డ్రమ్ము, ఇసుక మీద గాజు గాజును రాసుకునే కరకర చప్పుడు చెవిలో ఉండిపోయాయి. అప్పుడు మేము నవ్వింది ఆ చప్పుడుకే. ఫొటోలన్నీ కలిపి శుభ్రం చేసి ఒకటి పెద్దగా ప్రింటు తీయించి సారుకు పంపాను. నా దగ్గర ఒకటి షాపు గోడకు ఉంది. ఇద్దరు పెళ్లాల సంగతి ఎవరన్నా ఎత్తితే దాన్ని చూపిస్తున్నాను.

ఇక టెలిస్కోపు కొనేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒక్కటే. అద్దాన్ని పట్టి ఉంచే మూడు క్లిప్పులకూ, అద్దానికీ మధ్య బస్సు టికెట్టు దూరి తేలిగ్గా బయటికి రావాలి. రాలేదా, వదులు చేయండి. అద్దం పడిపోదు.